ముప్పై ఎలుకలు, పేగు ఒక్కటీ లేదు

ఉదయగిరికి వెళ్లేవాళ్లు కోట ఎక్కడానికి వెళ్తారు, కాదంటే అక్కడ చేసే చెక్క స్పూన్లు కొనుక్కోవడానికి వెళ్తారు. చిట్టెలుకల పేగుల కోసం వెళ్లినదాన్ని నాకు తెలిసి నేనొక్కదాన్నే. రేపు ఇంకెవరికైనా అదే అవసరం పడితే పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను నెల్లూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. నా వయసు నలభై ఆరు, నా పీహెచ్‌డీ వయసు పదకొండు. పొలాల్లో తిరిగే చిట్టెలుకల పేగుల్లో ఏయే పురుగులుంటాయి, తడి పొలాల్లో ఎక్కువా మెట్ట పొలాల్లో ఎక్కువా అన్నది నా పరిశోధన. తడికి ఆత్మకూరు వైపు, మెట్టకు ఉదయగిరి వైపు అని నా గైడు సారు పదకొండేళ్ల కిందటే మ్యాపు మీద వేలు పెట్టి చూపించారు. ఆ తర్వాత సారు గానీ నేను గానీ అటు వెళ్లలేదు.

అయినా థీసిస్ తయారైంది. ముందుమాట, పట్టికలు, ముగింపు, కృతజ్ఞతలు అన్నీ అయిపోయాయి. పట్టికలు వేరే జిల్లాలో ఎవరో చేసిన పని చూసి సారే నింపించారు. తడి పొలాల ఎలుకల్లో పురుగులెక్కువ అని ముగింపులో తేలిపోయింది కూడా. మిగిలింది ఎలుకలే. ఈలోగా మా మేనేజ్‌మెంటు, పీహెచ్‌డీ లేనివాళ్లను జూన్ నుంచి రావద్దంది. యూనివర్సిటీ వాళ్లు ఇచ్చిన ఆఖరి గడువు సోమవారంతో ముగుస్తుంది. ఆ రోజు సారు నమూనా సీసాలు చూసి సంతకం పెట్టాలి. పెట్టకపోతే నాకు డిగ్రీ లేదు, జీతం లేదు. అందుకని శనివారం తెల్లారేసరికి నెల్లూరు బస్టాండులో ఉన్నాను.

ఐదు యాభైకి ఆత్మకూరు బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. వెనక నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన, "కూర్చునేది వాళ్లు, టికెట్టు కొట్టించుకునేది మనం" అన్నాడు ఎవరినీ ఉద్దేశించకుండా. నా సామానులో ఒక ఐసు పెట్టె, ఫార్మలిన్ సీసాలు, కత్తెరలు, అరవై లేబుళ్లు ఉన్నాయి. లేబుళ్లు సారు అచ్చువేయించి ఇచ్చారు. ఒక్కోదాని మీద ఊరు, పొలం, తేదీ రాయడానికి ఖాళీలున్నాయి. 'గుర్తించినవారు' అన్నచోట మాత్రం ఖాళీ లేదు, సారు పేరు ముందే అచ్చయి ఉంది. ఎలుక ఇంకా బతికే ఉంది, దాని పేగులో పురుగును సారు గుర్తించేశారు.

పక్క సీటులో ఒకావిడ ఐసు పెట్టె వైపు చూసి, "ఐస్‌క్రీమా మేడం?" అంది.

"కాదండీ. ఎలుకల పేగులు పెట్టడానికి."

ఆవిడ సంగం రాకముందే వేరే సీటు చూసుకుంది. ఈ దారిన వెళ్లేవాళ్లకు నా సలహా: కాళ్లు చాపుకుని కూర్చోవాలంటే అడిగినవాళ్లకు నిజం చెప్పండి.

ఏడున్నరకు ఆత్మకూరు. స్టాండుకు ఎదురుగా హోటల్లో కారం దోసె తిన్నాను. ఎర్రకారం దండిగా పూసి ఇచ్చాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇంకోటి చెప్పాను. అక్కణ్నించి షేరాటోలో చేజర్ల వైపు. ఆటోలో పదిమందిమి ఎక్కాం. ఐసు పెట్టె మాత్రం డ్రైవరు పక్కన దర్జాగా కూర్చుంది.

నేను దిగిన ఊళ్లో మాలకొండారెడ్డి గారని ఒక రైతు ఉన్నారు. వాళ్లమ్మాయి నా పాత స్టూడెంటు. అరవై దాటిన మనిషి, వరండాలో కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, సూటిగా అడిగారు.

"పదకొండేళ్లు ఎలకల మింద చదివినారంట గదమ్మా. వాటిని చంపేదానికి ఏమన్నా కనిపెట్టినారా?"

"చంపడానికి కాదండీ. వాటి కడుపులో పురుగులు చూడ్డానికి."

"ఎలక్కి జబ్బు చేస్తే మీకేంది నష్టం?" అన్నారాయన. పదకొండేళ్లలో ఈ ప్రశ్న యూనివర్సిటీలో ఎవరూ వేయలేదు.

ఎలుకలు పట్టే పని ఆయన ముందే పెంచలయ్యకు పురమాయించారు. పెంచలయ్య యానాది. ఆ చుట్టుపక్కల వరి కోతలయ్యాక పొలం గట్లలో ఎలుకలు పట్టే పని వాళ్లదే. బొరియ కన్నాలన్నీ బురదతో మూసి, ఒక్కటి మాత్రం వదిలి, అడుగున చిల్లు పెట్టిన కుండలో గడ్డి అంటించి లోపలికి పొగ ఊదుతారు. ఆ తర్వాత గునపంతో తవ్వితే ఎలుకలూ దొరుకుతాయి, అవి దాచుకున్న వడ్లూ దొరుకుతాయి. ఎలుకల్ని వాళ్లు తింటారు. ఇదంతా నా థీసిస్ మొదటి అధ్యాయంలో 'స్థానిక పద్ధతులు' అన్న శీర్షిక కింద ఆరు పేజీలుంది. ఆ ఆరు పేజీలు రాసిన మనిషికి రావలసిన ఆలోచన ఒకటి మాత్రం నాకు రాలేదు.

పది గంటలకు పెంచలయ్య, ఆయన భార్య అంకమ్మ పొలం నుంచి వచ్చారు. ఇద్దరికీ యాభై పైనే ఉంటాయి, పెంచలయ్య తలంతా నెరిసింది. రెడ్డిగారు మాత్రం, "ఒరే పెంచలా, మేడం ఎదురుచూస్తా ఉండాది, ఎంతసేపురా" అన్నారు. పెంచలయ్య నవ్వుతూ అరిటాకు విప్పి నా ముందు పెట్టాడు.

ముప్పై ఎలుకలు. ఒకదాని పక్కన ఒకటి, తలలన్నీ ఒకవైపే. బొచ్చు కాల్చి, గీకి, కడిగి, పసుపు రాసి ఉన్నాయి. పొట్టలు నిలువునా చీల్చి ఉన్నాయి. లోపల ఏమీ లేదు.

"పేగులేవి?" అన్నాను.

"పేగులెందుకుంటాయమ్మా" అన్నాడు పెంచలయ్య. "కాలేజీ మేడంకని రెడ్డి చెప్పినాడు. మీకు కోసుకోను చాతగాదని శుబ్బరంగా చేసి తెచ్చినాం. మా ఇంటికైతే ఇంత పనిగా చెయ్యం."

"నేను తినడానికి అనుకున్నారా?"

"గొప్పోళ్లు గూడా తింటారులేమ్మా. పైకి చెప్పరు."

రెడ్డిగారు కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్లారు. నవ్వడానికే వెళ్లారని గోడ అవతలనుంచి తెలిసింది. తప్పు ఎవరిదని అడిగితే నాదే. నేను రెడ్డిగారికి ఫోనులో చెప్పింది, 'ముప్పై చిట్టెలుకలు కావాలి, మంచివి చూసి' అని. ఎలుకలు కావాలంటే అవతలి మనిషి ఎందుకనుకుంటాడో ఆలోచించకుండా ఫోను పెట్టేశాను. వాళ్ల దృష్టిలో ఎలుక కావాలన్నవాడికి కూర కావాలి. పేగులు కావాలని అడిగేవాళ్లు భూమ్మీద ఉంటారని వాళ్లకెలా తెలుస్తుంది?

"ఆ పేగులు ఎక్కడ వేశారు?"

"గట్టు మింద కాకులకేసినాం" అంది అంకమ్మ.

పదకొండేళ్ల పరిశోధన కాకులు తినేశాయి. ఏడుపొచ్చింది. ఏడవలేదు, మజ్జిగ గ్లాసు కిందపెట్టి సంగతంతా చెప్పాను. ఎలుక అక్కర్లేదని, పేగే కావాలని, పేగులో పురుగు కోసమే ఇంతదూరం వచ్చానని, సోమవారంలోగా దొరక్కపోతే నా ఉద్యోగం పోతుందని. అంకమ్మ చివరిదాకా విని, మొగుడివైపు ఒకసారి చూసి నావైపు తిరిగింది.

"పురుగు కావాల్నంటే పొలానికెందుకొచ్చినావమ్మా? పొలం ఎలకలో పురుగేడుండాది? నాడా పురుగు గోడౌన్ ఎలకలో గదా ఉండేది."

నాడా పురుగు అంటే బద్దెపురుగు. చదునుగా, తెల్లగా, లంగా నాడాలా ఉంటుంది. పేరు ఆమె పెట్టింది గానీ వర్ణన నా పుస్తకంలోదే.

"నీకెలా తెలుసు?"

"ఎట్ల తెలియడమేంది? చిన్నప్పుటి నుంచి కోస్తా ఉండా. ఈయన పడతాడు, కోసేది నేను. నాడా కనపడితే ఆ ఎలకనే పారేస్తాం. పాత గింజలో నల్లపురుగు ఉంటాది చూడు, దాన్ని తిన్న ఎలకకే అది వస్తాది. అందుకే గోడౌన్ ఎలకను మేం నోట బెట్టం."

నిల్వ ధాన్యంలో పెంకుపురుగు, దాని కడుపులో బద్దెపురుగు పిల్ల, పెంకుపురుగును తిన్న ఎలుక పేగులో పెద్ద పురుగు. ఈ పాఠం నేను సెకండియర్ పిల్లలకు పదిహేనేళ్లుగా బోర్డు మీద బొమ్మ వేసి చెబుతున్నాను. ఆ బొమ్మలోని ఎలుక ఎక్కడ మేస్తుందో ఒక్కసారీ ఆలోచించలేదు. సారూ ఆలోచించలేదు. తడి, మెట్ట అని పదకొండేళ్లు నీళ్ల చుట్టూ తిరిగాం.

రెడ్డిగారు బయటికొచ్చి, "నా గోడౌన్లో ఎలకలేందే?" అన్నారు కోపంగా. "మొన్ననే సిమెంటు చేయించినాను."

"మీ గోడౌన్లో ఎలకలు లేకపోతే మేడం ఉద్యోగం పోతాదంట" అంది అంకమ్మ. ఆయన కాసేపు ఇద్దరికేసి చూసి తాళాలు తెచ్చిచ్చారు.

మధ్యాహ్నం భోజనానికి ఆ ముప్పై ఎలుకల పులుసు పెట్టబోయారు. శనివారం తిననని చెప్పాను. పెంచలయ్య నొచ్చుకోలేదు. "అట్నే, రేపు తిందువులే" అన్నాడు. మూడు గంటల నుంచి ఐదున్నర దాకా గోడౌన్లో పదహారు, పొలంలో పద్నాలుగు పట్టారు. ఈసారి పేగులు నాకు, ఎలుకలు వాళ్లకు అని ముందే చెప్పుకున్నాం. గోడౌన్ వాటిని మాత్రం వాళ్లు గుంట తీసి పూడ్చారు. అంకమ్మ కోసింది, నేను సీసాల్లో వేశాను. గోడౌన్ ఎలుకల్లో సగానికి పైగా బద్దెపురుగులున్నాయి. పొలం ఎలుకల్లో సన్నని దారపు పురుగులు రెండింటిలో కనపడ్డాయి, బద్దెపురుగు ఒక్కటీ లేదు.

"రేపు ఉదయగిరికి నువ్వు కూడా రాకూడదా పెంచలయ్యా?" అన్నాను.

"నాకు టికెట్టు కొట్టాల, దానికి ఊరికే. దాన్నే తీసకపో. కోసేది గూడా అదే గదా."

ఆ రాత్రికి ఆత్మకూరులో లాడ్జి. ఫ్యాను తిరిగింది, నీళ్లొచ్చాయి, అంతకుమించి పొగడలేను. కౌంటరులో మనిషి ఐసు పెట్టె చూసి, "నాన్‌వెజ్ రూములో తినకూడదు మేడం" అన్నాడు. తిననని మాటిచ్చాను.

ఆదివారం ఉదయం ఆరున్నరకు ఉదయగిరి బస్సు. అంకమ్మ ఉతికిన చీర కట్టుకుని, గునపం గోనెలో చుట్టుకుని స్టాండులో సిద్ధంగా ఉంది. కండక్టరు మా ఇద్దరి ఆధార్‌లూ చూసి, గోనె చూసి, "ఏ ఊరికమ్మా పని?" అని ఆమెనడిగాడు. "మేడం చదువుకి" అంది. ఆయనకు అర్థంకాలేదు. మర్రిపాడు మండలంలోకి వచ్చేసరికి పచ్చదనం తగ్గి ఎర్రనేల, ముళ్ల చిల్లచెట్లు, రోడ్డు పక్కన ఆగిన లారీలు, మేకల మందలు మొదలయ్యాయి. అంకమ్మ కిటికీలోంచి గట్లు చూస్తూ కూర్చుంది. నాకు కొండలు కనపడుతుంటే ఆమెకు బొరియలు కనపడుతున్నాయి.

"ఇదంతా దేనికి మేడమ్మా? అయిపోతే నీకేమొస్తాది?" అని అడిగింది.

"నా పేరు ముందు డాక్టరని వస్తుంది."

"సూదులేస్తావా?"

"వేయను. పేరుకే."

"పేరుకేనా" అని మళ్లీ గట్లవైపు తిరిగింది. ఎగతాళి చేసిందో జాలిపడిందో తేల్చుకోలేకపోయాను.

ఎనిమిదిన్నరకు ఉదయగిరి. కొండ మీద కోట గోడలు ఎండకు మెరుస్తున్నాయి, బాగున్నాయి, దూరంనుంచే చూశాను. మేం వెళ్లింది రూతమ్మ టీచరు ఇంటికి. మా కాలేజీలో నాతో పనిచేసే ఒకామెకు తల్లి, రిటైరైన బాప్టిస్టు స్కూలు టీచరు. ఊరి చివర ఇల్లు, వెనక కందిచేను, ఇంటి పక్కనే వేరుశనక్కాయలు నిల్వచేసే కొట్టం. తెల్లచీర కట్టుకుని బైబిలు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే ఎదురైంది.

"నేను గుడికి పోతా ఉండా. పదకొండున్నరకు వస్తాను. నేనొచ్చేలోపల పెరట్లో బండ కడిగి, పినాయిల్ పోసి, ఏమీ జరగనట్టు ఉండాల" అని తాళాలిచ్చింది.

కందిచేలో పన్నెండు, కొట్టంలో తొమ్మిది దొరికాయి. మెట్టనేల గట్టి, తవ్వడం కష్టమైంది, నేనూ గునపం పట్టాను. నా చేతికి బొబ్బలు తప్ప పెద్దగా ఒరిగింది లేదు. పెరట్లో బట్టలుతికే బండ మీద కోశాం. చిన్న పురుగుల్ని విరగకుండా తీసే పటకారు ఆత్మకూరు లాడ్జిలో మరిచిపోయాను. రూతమ్మ టీచరు వంటింట్లో ఉదయగిరి చెక్క ఫోర్కు ఒకటి దొరికింది, సన్నని పళ్లు, బ్రహ్మాండంగా పనిచేసింది. దయచేసి ఈ వాక్యం ఆవిడకు చూపించకండి.

కందిచేను ఎలుకలు శుభ్రం. కొట్టం ఎలుకలు తొమ్మిదింటిలో ఏడింటికి నాడాలు. తడి లేదు, మెట్ట లేదు. ఎలుక తడిపొలంలో ఉందా మెట్టలో ఉందా అన్నది లెక్కేకాదు, అది పాత గింజ తిందా లేదా అన్నదే లెక్క. అంకమ్మ చేతులు కడుక్కుంటూ, "చెప్పినా గదా" అంది, అంతే.

పదకొండుంబావుకు సారుకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. నిజం చెప్పాలంటే ఉత్సాహంగా చెప్పాను. పదకొండేళ్లలో మొదటిసారి నాకో సంగతి తెలిసింది, అది చెప్పుకోవాలనిపించింది.

"చూడమ్మా" అన్నారు సారు. "ఫలితం టైపయిపోయింది. బైండింగుకి కూడా ఇచ్చేశాం. ఫలితాన్ని అలాగే ఉంచు, ఎలుకల్ని మార్చు."

"ఎలుకల్ని ఎలా మారుస్తాం సార్?"

"గోడౌన్ సీసాల మీద తడిపొలం అని రాయి. అంతా నీ చేతిలో పనే. రేపు పదింటికి రా, సంతకం పెట్టేస్తాను."

ఆయన కోప్పడలేదు. ఎంతో దయగా చెప్పారు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది, ఎందుకంటే నిన్నటిదాకా నేనూ అలాగే చేసి ఉండేదాన్ని.

గుడి నుంచి వచ్చిన రూతమ్మ టీచరు పెరడంతా వాసన చూసి తృప్తిపడి, కళ్లజోడు పెట్టుకుని ఒక సీసా ఎత్తి చూసింది. "నలభై ఏళ్లు సైన్సు చెప్పినా. నా కొట్టంలోనే ఉండిందా ఇది" అంది. ఆ తర్వాత ఆ కొట్టంలో కాయలు ఎవరికీ పెట్టనని ఒట్టుపెట్టుకుంది. అన్నం, పప్పు, గోంగూర పచ్చడి పెట్టింది. అంకమ్మను కూడా పక్కనే కూర్చోబెట్టి వడ్డించింది.

రెండున్నరకు తిరుగు బస్సు. కండక్టరు మారాడు, ఆధార్ మళ్లీ చూపించాం. దారిలో నేను ఒళ్లో లేబుళ్లు పెట్టుకుని కూర్చున్నాను. ఊరు, పొలం, తేదీ. గోడౌన్ సీసా తీసినప్పుడల్లా పెన్ను ఆగింది. తడిపొలం అని రాస్తే జూన్లో జీతం వస్తుంది. మా ఇంట్లో వచ్చేది నా జీతం ఒక్కటే. ఇంటి అద్దె, అబ్బాయి ఇంజనీరింగు ఫీజు అన్నీ వరుసగా గుర్తొచ్చాయి. భయమేసింది.

అంకమ్మ ఒక లేబులు తీసుకుని తిప్పి చూసింది. ఆమెకు చదవడం రాదు. "ఈడ ముందే రాసుండాదే, ఇదేంది?" అని అచ్చయిన చోట వేలు పెట్టింది.

"పురుగును గుర్తుపట్టిన వాళ్ల పేరు."

"ఎవురిది?"

"మా సారుది."

"ఆయనేడుండాడు? వచ్చినాడా?"

రాలేదన్నాను. ఆమె లేబులు నా ఒళ్లో పెట్టేసి కిటికీ వైపు తిరిగింది. అలిగినట్టు లేదు, అడగాల్సింది అడిగేసినట్టుంది. నేను గోడౌన్ సీసాల మీద గోడౌన్ అని, కొట్టం సీసాల మీద కొట్టం అని రాశాను. ఆ తర్వాత ఒక్కో లేబులు మీదా సారు పేరు కొట్టేసి, పైన పెన్సిలుతో అంకమ్మ అని రాశాను. ఏం రాస్తున్నావని అడిగింది, చెప్పాను.

"రాస్తే ఇంటిపేరు గూడా రాయి" అంది. "మా కాలనీలో నలుగురు అంకమ్మలు ఉండారు. రేపు ఎవురైనా వచ్చి అడిగితే ఆ మూడో ఇంటిదాన్ని చూపిస్తారు. దానికి పొగ ఊదేది గూడా రాదు."

ఆత్మకూరులో దిగిపోతూ, "సోమారం ఏమైందో రెడ్డికి ఫోన్ చేసి చెప్పు" అంది. గునపం భుజాన వేసుకుని చేజర్ల ఆటోలవైపు నడిచింది. నేను నెల్లూరు బస్సు పట్టుకున్నాను. సంగం దాటాక, ఇంకా వెలుతురుండగానే, సారు ఫోను చేశారు.

"లేబుళ్లు అయ్యాయామ్మా?"

"అయ్యాయి సార్. ఎలుకల్ని మార్చలేదు. పట్టికనే మార్చాలి."

"ఈ గోడౌన్ సంగతి నీకెవరు చెప్పారు?"

"అంకమ్మ అని ఒకామె సార్. గుర్తించినవారి పేరు కూడా ఆమెదే రాశాను."

"ఏ యూనివర్సిటీ ఆమెది?"

"చేజర్ల దగ్గర సార్."

"డీమ్డా?" అన్నారు సారు.

కాదన్నాను. రేపు రా, చూద్దాం అని పెట్టేశారు. చూద్దాం అంటే ఇప్పట్లో సంతకం లేదనేనని పదకొండేళ్ల అనుభవంతో నాకు బాగా తెలుసు. ఈ దారిన వెళ్లేవాళ్లకు చెప్పగలిగింది ఇంతే. బస్సులు సమయానికి ఉన్నాయి, ఆత్మకూరులో కారం దోసె తప్పక తినండి, పటకారు మరిచిపోకండి. ఎలుకలు కావాలంటే ఎందుకు కావాలో ముందే చెప్పండి. పురుగుల గురించి తెలుసుకోవాలంటే మాత్రం కోసేవాళ్లను అడగండి. నెల్లూరు దీపాలు కనపడేసరికి నా భయం ఏమీ తగ్గలేదు. ఐసు పెట్టె తెరిచి, పెన్సిలు రాతల మీద పెన్నుతో దిద్దుకుంటూ వచ్చాను, ఇంటిపేరుతో సహా.